అక్క పేకాడిందట!

కాకినాడ,
21 ఆగస్టు 1998.

అక్కకి ప్రసాదు నమస్కారాలు.

ఇక్కడ నేనూ దేవకుమారీ క్షేమం. క్షేమం అని రాయడం అలవాటు కనక రాశాను గాని నిన్న మధ్యాహ్నం నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నిన్న ఆఫీసులో అందరం క్యారేజీలు విప్పుకుని కూర్చున్నాం. మా సెక్షన్లో అబ్బులు అని మీ తణుకు అల్లుడు ఒకడున్నాడు. నోట్లో మాట ఆగదు వాడికి. పెరుగన్నం కలుపుకుంటూ, "ఏవండీ సత్యప్రసాద్ గారూ, మీ అక్కగారు భలే ఆడతారంటండి" అన్నాడు. మీ వీధి భజన సమాజం వాళ్ళు కోలాటం మొదలుపెట్టారేమో, నువ్వూ చేరావేమో అనుకున్నాను. ఈ వయసులో మోకాళ్ళు జాగ్రత్త అని నీకు రాయాలని కూడా అనుకున్నాను. వాడు ముద్ద మింగి, "రమ్మీ అండి. మీ బావగారి పేరు మీద క్లబ్బులో పోటీ పెట్టారు కదండీ, అందులో ఐదుగురు మగాళ్ళ మధ్య కూర్చుని అందర్నీ లేపేశారంట. మా మావగారు కళ్ళారా చూశారండి" అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తణుకులో మా అక్కలాగే రత్నమాణిక్యం అని పేరున్నవాళ్ళు చాలామంది ఉన్నారయ్యా, ఎవరిని చూసి ఎవరనుకున్నారో అన్నాను. "అచ్చిబాబు గారి భార్య ఒక్కరే కదండీ" అన్నాడు వాడు. సెక్షన్ అంతా నా వైపే చూసింది.

అక్కా, నీకు నేను గుర్తు చేయాలా? కిందటేడు ఆషాఢంలో బావగారు పోయింది ఆ క్లబ్బు హాల్లోనే. చేతిలో ముక్కలు చేతిలో ఉండగానే కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆయన వేళ్ళ మధ్య నుంచి ఆ ముక్కలు తీసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నీకు పిల్లలు లేరు కనక సంవత్సరీకానికి పిఠాపురం పాదగయలో పిండం నేను పెట్టాను. పెట్టాక పురోహితుడు గారు ఇష్టమైనదేదైనా ఒకటి వదలమన్నారు. అందరూ కాయో కూరో వదులుతారు. నేను బాగా ఆలోచించి, "మా అక్క పేక వదిలేస్తుందండి" అని చెప్పి నువ్వుల నీళ్ళు వదిలాను. నువ్వు పక్కనే నించున్నావు. కాదని ఒక్క మాట అనలేదు. నెల తిరగలేదు, ఇదా వినడం!

ఫోను చేద్దామని ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. పదిమంది వింటూ ఉండగా "అక్కా, నువ్వు పేకాడావా" అని అరిచి ఎలా అడగను? ఇది అబద్ధమని ఒక్క కార్డు రాసి పడెయ్యి. అబ్బులు మొహాన కొడతాను.

నీ తమ్ముడు
ప్రసాదు


తణుకు,
27 ఆగస్టు 1998.

చిరంజీవి ప్రసాదుకీ దేవకుమారికీ అక్క దీవెనలు.

ఇక్కడ వానలు. పెరట్లో మునగచెట్టు విరిగి ప్రహరీ మీద పడింది. దేవకుమారి మోకాలి నొప్పి ఎలా ఉందో నువ్వు రాయలేదు. నీ అన్నం సంగతి మాత్రం రాశావు.

అబద్ధమని రాయమన్నావు. ఎలా రాయను? ఆడాను.

క్లబ్బు సెక్రటరీ పెదబాబు గారు ఇంటికొచ్చి, "అమ్మా, అచ్చిబాబు గారి పేరు మీద రమ్మీ పోటీ పెడుతున్నామండి. పందెం లేదు, డబ్బు లేదు, కప్పు ఒక్కటే. మీరొచ్చి దీపం వెలిగించి మొదటి పేక కోసి వెళితే చాలండి" అన్నారు. సంవత్సరం పాటు గుమ్మం దిగనిదాన్ని. మీ బావ ముప్ఫయ్యేళ్ళు రోజూ వెళ్ళిన చోటు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. బూడిదరంగు వెంకటగిరి చీర కట్టుకుని వెళ్ళాను. నువ్వేమో భయంకరంగా ఊహించుకుంటున్నావు గాని, సున్నం వెలిసిపోయిన మామూలు హాలు. ఒక గడియారం, అది కూడా ఆగిపోయింది.

దీపం వెలిగించాను. పేక కోశాను. వెళ్ళిపోదామని లేచేసరికి ఒక బల్ల దగ్గర గొడవ. ఆరుగురు ఉండాల్సిన చోట ఐదుగురే వచ్చారు. ఆరో ఆయన కూతురికి నొప్పులు వస్తున్నాయని ఆస్పత్రికి పరిగెత్తాడట. మనిషి తక్కువైతే ఆ బల్ల లెక్క చెల్లదట. పెదబాబు గారు చేతులు నలుపుకుంటూ నా దగ్గరకొచ్చి, "మీకు ఆట తెలుసని ఆయన చెప్పేవారండి. ఊరికే ముక్కలు పట్టుకు కూర్చోండి. ప్రతి ఆటా మొదట్లోనే డ్రాప్ అని ముక్కలు కింద పెట్టేయండి. లెక్క సరిపోద్ది" అన్నారు.

మొదటి ఆట ఆయన చెప్పినట్టే డ్రాప్ అన్నాను. పట్టుకోవడం కుదరక రెండు ముక్కలు ఒళ్ళో పడేసుకున్నాను. పక్కనాయన నా మొహం చూసి సిగరెట్టు ఆర్పేశాడు. రెండో ఆటలో మూడు జోకర్లు వచ్చాయి. మూడు జోకర్లు చేతికొస్తే పారేసి కూర్చోవడానికి నేను సన్యాసం పుచ్చుకున్నానా? ఆడాను. వరసలన్నీ కుదరగానే ముక్కలు పరిచి షో పెట్టాను. అప్పటిదాకా నన్ను "పిన్నిగారూ, చల్లగాలి తగులుతోందాండీ" అని అడిగినాయన అక్కడి నుంచి నన్ను ఏమీ అడగలేదు.

ఇంట్లో ఆడితే ఎదురుగా ఒక్క మనిషి. అక్కడ ఐదుగురు. ఎవరు ఏ ముక్క తీశారో, ఏది తీయబోయి మానేశారో అన్నీ చూసుకోవాలి. ఒకాయనకి జోకరు వస్తే కూనిరాగం తీస్తాడు. ఒకాయన మంచి ముక్క పడగానే కండువా సర్దుకుంటాడు. ఇవన్నీ కనిపెట్టేసరికి నా బెరుకు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. ఆఖరికి లెక్క చూస్తే బల్ల మీద అందరికన్నా తక్కువ పాయింట్లు నావి. రమ్మీలో తక్కువ వచ్చినవాళ్ళదే గెలుపు కదా.

ఆ గెలిచినవాళ్ళు సెప్టెంబరు ఇరవైన రాజమండ్రిలో రెండు జిల్లాల పోటీకి వెళ్ళాలట. పెదబాబు గారు మొహమాటపడుతూ, "వెళతారాండీ?" అన్నారు. వెళ్ళనంటానని ఆయన ఆశ. వెళతానండీ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఆయనకంటే నేనే ఎక్కువ అదిరిపోయాను.

పాదగయ మాట తరవాత రాస్తాను. అది వేరే సంగతి.

అక్క


కాకినాడ,
5 సెప్టెంబరు 1998.

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు ఎవరో నీ చేతిరాతతో రాశారనుకున్నాను.

నువ్వు రాసినది కాక, రాయనిది కూడా నాకు తెలిసింది. దేవకుమారి పినతండ్రి కూతురు మీ ఊళ్ళోనే ఉంది కదా. ఆవిడ మా పక్కింటికి ఫోను చేసి, నువ్వు బల్ల మీద సీసా పెట్టుకుని మధ్యమధ్యలో తాగుతూ ఆడావని చెప్పింది. బీరట! దేవకుమారి మాత్రం, "వదినగారి చేతిలో సీసా ఉందంటే అందులో సోడా ఉంటుందండి" అంది. ఆవిడ మీద కూడా కేకలేశాను. ఎవరు ఏది అన్నా కేకలేస్తున్నాను. మొన్న పాలవాడి మీద వేశాను.

నాకు అర్థమైందేమిటంటే, పెదబాబు గారు నిన్ను అడ్డం పెట్టుకుని క్లబ్బుకి పేరు తెచ్చుకుంటున్నాడు. భర్త పోయిన ఆడమనిషి పేకాడుతుందంటే రెండు జిల్లాల వాళ్ళూ చూడ్డానికి వస్తారు, సర్కస్ వచ్చినట్టు. నీకు ఆ మాత్రం తెలియడం లేదా? నువ్వు కూర్చున్న కుర్చీ ఏదో అడిగావా? బావగారు వాలిపోయిన కుర్చీలో నువ్వు కూర్చున్నావేమోనని రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాను.

పేకంటే నాకు అసహ్యం. బావగారు పోయిన దగ్గర్నుంచి కంటితో చూడలేదు.

ఒక్కటే చెబుతున్నాను. అమ్మా నాన్నా పోయాక నీకు పుట్టిల్లు అంటే నేనే. చిన్నప్పటి నుంచి నీ మాట నేను కాదనలేదు. ఈ ఒక్కదానికీ నా మాట విను. రాజమండ్రి వెళ్ళకు. వెళ్ళావా, ఇక నీకు పుట్టిల్లు లేదనుకో. దసరాకి చీర పంపను. మా ఇంటి గడప నువ్వు తొక్కవద్దు, మీ ఇంటి గడప నేను తొక్కను. కోపంలో రాస్తున్నాననుకోకు. నిమ్మళంగా కూర్చుని రాస్తున్నాను.

ప్రసాదు


తణుకు,
14 సెప్టెంబరు 1998.

చిరంజీవి ప్రసాదుకి,

సీసాలో ఉన్నది అల్లం సోడా. పొద్దున్న తిన్న పెసరట్టు అరగక తెప్పించుకున్నాను. దేవకుమారికి నా దీవెనలు. ఆ ఇంట్లో బుద్ధి ఉన్న మనిషి ఒకరున్నారని సంతోషించాను.

పుట్టిల్లు లేదనుకోమన్నావు. ఆ మాట చదివి ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుండిపోయాను. పాలు పొంగిపోయిన వాసన వచ్చేదాకా లేవలేదు. నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్నిరా. నీకు మసూచి పోసినప్పుడు అమ్మని పడుకోమని వేపకొమ్మతో నేను విసిరాను. కోపంలో రాశావని అనుకుందామంటే, నిమ్మళంగా కూర్చుని రాశానని నువ్వే చెప్పావు. చాలా కష్టం వేసింది. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

ఒక్క సంగతి విను. ఇప్పటిదాకా నీకు ఎవరూ చెప్పనిది.

మీ బావ క్లబ్బులో మంచి ఆటగాడని అందరూ అంటారు. నిజమే. కాని రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ముందురోజు తనకొచ్చిన ముక్కలు గుర్తుపెట్టుకుని మంచం మీద పరిచేవారు. "మాణిక్యం, ఇక్కడ ఏం పారెయ్యాలి?" అనేవారు. నేను బియ్యం ఏరుకుంటూ చెప్పేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆడుకునేవాళ్ళం. మాకు పిల్లల్లేరు. చేలో పని అయిపోతే మాట్లాడుకోడానికి ఏముంటుంది? మా మాటలన్నీ ఆ ముక్కల మీదే. ఆయనకి కోపం వస్తే రాజు పారేసేవారు. నాకు అర్థమయ్యేది. మొన్న క్లబ్బులో నేను ముక్క వేసినప్పుడల్లా వెనక నించున్నవాళ్ళు "అచ్చిబాబు గారి ఆటే, అచ్చు అదే" అన్నారు. నా ఆటరా అది. ఆయనది కాదు. అక్కడ నోరు విప్పి చెప్పలేదు. పోయిన మనిషి పరువు నేనెందుకు తీస్తాను?

ఏడాదిగా మధ్యాహ్నం భోజనం కాగానే నాకు భయం వేస్తుంది. ఆ ఖాళీ మంచం వైపు చూడలేను. ఎదురుగా కూర్చుని ఆడేవాడు లేక నేను ఎండిపోతున్నాను. అందుకే రాజమండ్రి వెళతాను. సర్కస్ చూడ్డానికి ఎంతమంది వస్తారో రానీ.

ఇక పాదగయ. మొన్న మా వీధిలో వ్రతానికి పిఠాపురం నుంచి ఒక పెద్ద పురోహితుడు గారు వచ్చారు. ఆయన్ని అడిగాను. ఎవరి దోసిట్లోంచి నీళ్ళు పడితే వదిలింది వాళ్ళే గాని, పక్కన నించున్నవాళ్ళు కాదన్నారు. ఆ రోజు నీళ్ళు పడింది నీ చేతిలోంచి. కాబట్టి పేక వదిలింది నువ్వు, నేను కాదు. వదిలినవాడు మళ్ళీ ముట్టుకుంటే పెట్టిన పిండం పోయినవాళ్ళకి అందదని కూడా చెప్పారు. నీకెలాగూ అసహ్యం కనక నీకేం ఇబ్బంది లేదు.

దసరాకి చీర పంపకు. ఉన్నవి చాలు.

అక్క


తణుకు,
21 సెప్టెంబరు 1998.

ప్రసాదుకి,

నిన్న రాజమండ్రిలో మూడో బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చున్నది నువ్వేనా? ఇప్పటికీ నమ్మకం కలగడం లేదు. పొద్దున్న లేచి మొహం కడుక్కుంటూ కూడా, ఎవరో నీలాంటి మనిషేమో అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి నువ్వు తల వంచుకుని చొక్కా గుండీ పెట్టుకుంటున్నావు. నీ బట్టతల చూసి పోల్చుకున్నాను. నన్ను ఆపడానికి వచ్చావనుకున్నాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోతావనుకున్నాను. అంతలో అక్కడి సెక్రటరీ ఒక్కొక్కర్నీ పరిచయం చేస్తూ, "కాకినాడ నుంచి సత్యప్రసాద్ గారండి. రెండేళ్ళ నుంచి వాళ్ళ క్లబ్బులో కప్పు ఆయన్ని దాటి పోలేదండి" అన్నాడు. రెండేళ్ళ నుంచి! పేకంటే అసహ్యమని రాసింది ఏ చేత్తోరా?

అది కూడా సరిపెట్టుకునేదాన్నేమో. పక్కనాయన మన ఇద్దరి మొహాలూ చూసి, "మీరూ మీరూ ఎరిగినవారాండీ?" అని అడిగాడు. నువ్వు, "లేదండి" అన్నావు. నేను విన్నాను. నా చెవులకి ఇంకా ఏ లోపమూ రాలేదు.

సరే, ముక్కలు పంచారు. అక్కడి నుంచి జరిగింది కూడా రాస్తాను, రాయకపోతే అన్యాయం. మొదటి ఆటలో నాకు ఆఠీను తొమ్మిది కావాలి. నువ్వు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నావు. నీకది పనికిరాదు. అయినా వదల్లేదు. రెండో ఆటలో నీకు కావలసిన జాకీని నేను తొక్కిపెట్టాను. నువ్వు తలెత్తి నా వైపు ఒక్కసారి చూశావు. మిగతా నలుగురూ ఏం చేస్తున్నారో నాకు అక్కర్లేకపోయింది. బల్ల మీద నువ్వూ నేనే ఉన్నాం. నీ మీద అంత కోపం పెట్టుకుని కూడా ఆ గంటసేపూ నాకు ప్రాణం లేచొచ్చింది. నీకు ఆట ఎవరు నేర్పారో అడగక్కర్లేకపోయింది. మీ బావ నేర్పారు. రాజు పారేసే పద్ధతి చూస్తేనే తెలిసింది.

ఆఖరి ఆట దాకా నీకూ నాకూ సమానం. అప్పుడు నువ్వు షో అన్నావు. ముక్కలు పరిచావు. లెక్క చూసేవాడు వంగి చూసి, "లైఫ్ లేదండి. రాంగ్ షో" అన్నాడు. ఎనభై పాయింట్లు పడ్డాయి. నువ్వు లేచి వెళ్ళిపోయావు.

జోకరు కలపకుండా ఒకే రంగులో వరసగా మూడు ముక్కలు లేనిదే షో పెట్టకూడదని నిన్న ఆట నేర్చుకున్న పిల్లాడికి కూడా తెలుసు. అంత ఆట ఆడినవాడివి నీకు తెలియదా? నాకు అర్థమైంది. పుట్టిల్లు లేదన్నావు, ఎరగనన్నావు. ఆ పాపం కడుక్కోడానికి చీర పెట్టినట్టు ఆట పెట్టావు. నలుగురిలో నాకు దానం చేశావు.

దానంగా వచ్చిన గెలుపు నాకొద్దు. ఫైనల్ బల్ల మీద నా చోటు నా తరవాత ఉన్నాయనకి ఇచ్చేశాను. తలనొప్పిగా ఉందని చెప్పి బస్సెక్కాను. బ్యారేజీ మీద బస్సు చాలాసేపు ఆగింది. వరద నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. అందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు గాని నేను చూడలేదు.

నాకు ఉత్తరం రాయకు.

మాణిక్యం


కాకినాడ,
29 సెప్టెంబరు 1998.

అక్కకి,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. చించేసే ముందు చదువు.

దానం కాదక్కా. నిన్ను తక్కువ చేసి గెలిపించడానికి నేనెవర్ని? నువ్వు గెలిచావు. నీ గెలుపు నువ్వే వదిలేసి వచ్చావని చదివి, ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి దేవకుమారికి చూపించి, ఆవిడ ముందు ఏడ్చాను. పెళ్ళయ్యాక నేనలా ఏడవడం ఆవిడ చూడ్డం ఇదే మొదలు.

నేను ఆడతాను. చాలా ఏళ్ళ నుంచి ఆడుతున్నాను. బావగారే నేర్పారు. నీకు చెప్పవద్దని నేనే ఆయన్ని బతిమాలాను, నాన్నగారి చెవిన పడుతుందని. నాన్నగారు పోయాక కూడా చెప్పడానికి మొహం చెల్లలేదు. నువ్వు ఆడావని తెలిసినప్పుడు నాకు కోపం వచ్చింది నీ మీద కాదు. ఆ కుర్చీ మీద. నువ్వు కూడా ముక్కలు చేతిలో ఉండగా అలా వాలిపోతావేమోనని. బావగారు పోయాక నాకు మిగిలింది నువ్వు. భయం అని రాయడం రాక గడప తొక్కవద్దని రాశాను.

నీ పద్నాలుగో తారీఖు ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందింది. మర్నాడే పోటీ. పాదగయ గురించి నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. నీళ్ళు వదిలింది నేను. పేక వదిలింది నేను. ఆ తరవాత ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు ముట్టుకున్నానో! బావగారికి కొడుకు లేని లోటు తీర్చానని అందరితో చెప్పుకున్నాను. ఆయనకి ఆ పిండం అందలేదన్నమాట. నేను క్లబ్బులో నవ్వుతూ కూర్చుంటే ఆయన అక్కడ ఆకలితో ఉన్నారన్నమాట.

మానేద్దామనుకున్నాను. మా క్లబ్బు వాళ్ళు అప్పటికే నా పేరు పంపేశారు, మనిషి తక్కువైతే బల్ల చెల్లదన్నారు. ఈ ఒక్కసారి అని వెళ్ళాను. వెళతానని నువ్వు రాసినా, తీరా ఆ రోజుకి నా మాట కాదని రావనుకున్నాను. నువ్వొచ్చి ఎదురుగా కూర్చున్నావు. ఎరుగుదురా అని ఆయన అడిగితే లేదండీ అని ఎలా అన్నానో నాకు తెలియదు. ఎరుగుదునంటే అక్కడే నీ కాళ్ళ మీద పడిపోయేవాణ్ణి.

మొదట్లో ఆటలో పడి కాసేపు అన్నీ మరిచిపోయాను. నాకూ ప్రాణం లేచొచ్చిందక్కా. తరవాత నువ్వు జాకీని తొక్కిపెట్టినప్పుడు తలెత్తి నీ మొహం చూశాను. బావగారు గుర్తొచ్చారు. అక్కడి నుంచి ముక్క తీసినప్పుడల్లా ఆయన విస్తట్లోంచి తీస్తున్నట్టే అనిపించింది. ఆఖరి ఆటలో కళావరు ఐదు, ఆరు ఉన్నాయి. ఏడు వచ్చింది. నల్లగా ఉంది, చాలనుకున్నాను. బల్ల మీద పరిచాక చూస్తే అది ఇస్పేటు ఏడు. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ జరగని తప్పు. కళ్ళనిండా నీళ్ళుంటే ఇస్పేటేదో కళావరేదో ఎవరికి కనిపిస్తుంది?

ఇక నీకు సంతోషం కలిగించే మాట. నిన్న సోమవారం సెలవు పెట్టి పిఠాపురం వెళ్ళాను. పాదగయలో స్నానం చేసి, మనకి ఆ రోజు చేయించిన పురోహితుడు గారినే పట్టుకున్నాను. అంతా చెప్పాను. ఆయన "అలాగని ఎక్కడుందండీ?" అని ఏదో అనబోయారు గాని నేను వినదలుచుకోలేదు. మళ్ళీ పిండం పెట్టాను. ఈసారి ఎవరి పేరూ అడ్డం పెట్టుకోలేదు. నా పేరు, నా గోత్రం చెప్పుకుని, నా దోసిట్లోంచి నీళ్ళు వదిలి, బతికుండగా పేక ముట్టనని ప్రమాణం చేశాను. అటు నుంచి అటే క్లబ్బుకెళ్ళి రాజీనామా ఇచ్చాను. ఇక బావగారికి అందవలసింది అందుతుంది. ఎన్ని రోజులకో నిన్న కడుపునిండా తిన్నాను.

పుట్టిల్లు ఎక్కడికీ పోలేదు. దేవకుమారి చీర కొని ఉంచింది. దీపావళికి రా. నీ దగ్గర రమ్మీ నేర్చుకుంటానని ఆవిడ ఇప్పటి నుంచే అందరికీ చెబుతోంది.

నీ తమ్ముడు
ప్రసాదు


తణుకు,
4 అక్టోబరు 1998.

ప్రసాదూ,

ఎంత పని చేశావురా!

ఆ పురోహితుడు గారు రాలేదు. మా వీధిలో ఏ వ్రతమూ జరగలేదు. నీ ఉత్తరం చదివి, పుట్టిల్లు లేదన్నందుకు నిన్ను ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందా అని ఆలోచించి, వరండాలో కూర్చుని ఆ మాట అల్లాను. నీకు పేకంటే అసహ్యమని నమ్మి రాశాను. అసహ్యం ఉన్నవాడికి ఏం తగులుతుంది, కాస్త ఉడుక్కుంటాడు, అంతేననుకున్నాను. నువ్వు ఆడతావని నాకు తెలియదురా. తెలిస్తే చచ్చినా రాయను. మీ బావ పిండం నువ్వు మొదటిసారి పెట్టినప్పుడే అందింది. ఆయన ఆకలితో లేరు. నువ్వు అన్నం మానేసిన రోజులన్నీ నా వల్లే.

నీ ఉత్తరం చేరిన రోజునే బయల్దేరదామంటే బస్సు దొరకలేదు. నిన్న పొద్దున్న వెళ్ళాను పిఠాపురం. ఆ పురోహితుడు గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, అరుగు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. తమ్ముడు వదిలింది తిరిగి తీసుకోడానికి దారేదైనా ఉందా అని అడిగాను. ఆయన "మొదటిది ఆయన మీ తరఫున అన్న మాట కనక దానికి పెద్ద పట్టింపు లేదమ్మా. రెండోది అలా కాదు. తెలిసి, మనస్ఫూర్తిగా, తన పేరు చెప్పుకుని వదిలారు. కారణం అబద్ధమైనా వదలడం నిజమే కదండీ" అన్నారు. నువ్వు ఎలాంటివాడివో నాకు తెలుసు. ఈ ఉత్తరం చదివాక కూడా నువ్వు ముట్టుకోవు.

మీ బావ పోయాక నా ఎదురుగా కూర్చుని ఆడగలిగిన మనిషి ఈ లోకంలో లేడని ఏడాదంతా ఏడ్చాను. ఉన్నాడని ఆ ఆదివారం తెలిసింది. నా తోడబుట్టినవాడేనని తెలిసింది. ఒక్క గంట ఆడుకున్నాం. ఆ కప్పు నాకెందుకు, ఫైనల్ నాకెందుకు? ఏ దీపావళికో నువ్వూ నేనూ మధ్యాహ్నం పూట కూర్చుని సాయంత్రం దాకా ఆడుకునేవాళ్ళం. నా చేత్తో నేనే పోగొట్టుకున్నాను.

దీపావళికి వస్తాను. దేవకుమారికి ఆట నేర్పుతాను. బుద్ధిమంతురాలు, తొందరగా వస్తుంది. మేమిద్దరం ఆడుతున్నంతసేపూ నువ్వు మాత్రం ఆ గదిలోకి రాకు ప్రసాదూ. చేతులు కట్టుకుని పక్కన నించుంటావు, ఏ ముక్క వెయ్యాలో నీకు తెలిసి కూడా నోరు మెదపవు. నేను చూడలేను.

అక్క